పాటకు వెట్టి ఇంకెన్నాళ్లు?

(మండల కేంద్రంలో జరిగిన దళిత సాంస్కృతిక కార్యకర్తల సమావేశంలో మా కళాబృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మీరు పాట కోసం వచ్చారు. పాట ఉంటుంది. దానికి ముందు ఒక అరగంట మాట ఉంటుంది. అన్నలూ అక్కలూ ఓపికతో వినాలి. ఈ మాట అడగడానికి మీరు తప్ప మాకు వేరే ఎవరూ లేరు. దొరను అడగం, సర్కారును అడిగేది వేరే ఉంది. ఇది ఇంట్లో మాట, ఇంట్లోవాళ్లనే అడుగుతున్నాం.

మా బృందంలో పాట కట్టేవాళ్లున్నారు, డప్పు కొట్టేవాళ్లున్నారు, వంత పాడే అక్కచెల్లెళ్లున్నారు. పగలు ఒకరం బడిలో పాఠం చెబుతాం, ఒకరం కూలికి పోతాం, ఒకరం ఆటో తోలుతాం. ఏ వాడ పిలిచినా వచ్చాం. ఏప్రిల్ 14కి వచ్చాం, విగ్రహం పెట్టినా వచ్చాం, విగ్రహం పగలగొట్టినా వచ్చాం. మేము పాడుతుంటే మీరు ఈలలేస్తారు, మా వెంట ఎగిరి ఆడతారు, ఫోను పైకెత్తి పాటంతా పట్టుకుంటారు. పక్కన చిన్న బల్ల మీద మా పాటల పుస్తకం, సి.డి. పెట్టుకుని ఒక తమ్ముడు కూర్చుని ఉంటాడు. ఆ బల్ల దగ్గరికి మాత్రం ఎవరూ రారు.

లెక్క చెబుతాం, వినండి. 2011లో మేము పది పాటలతో ఒక సి.డి. వేశాం. స్టూడియో కిరాయి, కీబోర్డు అబ్బాయికి, అట్ట అచ్చుకు, కాపీలకు కలిపి 40 వేలు అయింది. వెయ్యి కాపీలు వేశాం, ధర 50 రూపాయలు పెట్టాం. అమ్ముడైనవి 310. చేతికొచ్చింది 15,500. మిగతా 24,500 అప్పు తీర్చడానికి మూడేళ్లు పట్టింది. అమ్ముడుపోని కాపీలు ఇప్పటికీ అట్టపెట్టెల్లో అటక మీద ఉన్నాయి.

పాటలు బాగాలేక అమ్ముడుపోలేదా అంటే, అదే ఏడాది మా పాట మోగని ఆటో లేదు. పెళ్లిళ్లలో మోగింది, సర్పంచి ఎన్నికల్లో మోగింది. ఎట్లా చేరిందో కనుక్కుంటే తెలిసింది. పట్నంలో ఒక సెల్లు షాపతను మా సి.డి. ఒకటి కొన్నాడు. ఒక్కటే కొన్నాడు. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించుకుని, వచ్చినోళ్లందరికీ 30 రూపాయలకు మెమొరీ కార్డు నింపి ఇచ్చాడు. ఇంటర్నెట్ల పెట్టినోళ్లు పెట్టారు, దించుకున్నోళ్లు దించుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి చూడండి. మనోళ్ల దగ్గర డబ్బు లేక కొనలేదని ఎవరైనా అంటే అది సగమే నిజం. షాపతనికి 30 రూపాయలు ఇచ్చారు. పాట కట్టినోనికి, పాడినామెకు, డప్పు కొట్టినోనికి ఇవ్వలేదు. డబ్బు చెయ్యి మారింది, చేరాల్సిన చెయ్యికి చేరలేదు.

ఇప్పుడు సి.డి.లు పోయాయి, మెమొరీ కార్డు షాపులూ పోయాయి. యూట్యూబు వచ్చింది. ఎవడో ఒకడు సభలో మా పాట పట్టి తన చానల్లో పెడతాడు. కట్టినోడి పేరుండదు, తన ఫోను నంబరుంటుంది. చానలుకు వెయ్యి మంది చందాదారులుండి, ఏడాదిలో 4,000 గంటలు జనం చూస్తే ప్రకటనల డబ్బులో వాటా వస్తుంది. కింద మీరు 'జై భీమ్ అన్నా' అని రాస్తారు. ఆ జై భీమ్ కూడా చానలోనికే పోతుంది.

"పాట ప్రజలది, అమ్ముకుంటారా?"

ఈ మాట మమ్మల్ని చాలామంది అడిగారు. మంచి కార్యకర్తలే అడిగారు. కాబట్టి తప్పించుకోకుండా జవాబు చెప్పాలి.

పాట ప్రజలదే. మేమూ అదే అంటాం. 1980లలో టేపురికార్డరు వాడల్లోకి వచ్చింది. దానికి ముందు పాట రికార్డు కావాలంటే పెద్ద కంపెనీ గడప తొక్కాలి. ఆ గడప మనకు గుడి గడప లాంటిదే. కేసెట్టు చవగ్గా దొరికాక మన గొంతు మనమే పట్టుకున్నాం. 1985 జూలై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. ఆ నెత్తుటి వార్తలు పేపర్ల కంటే ఎక్కువగా పాటల్లో తిరిగాయి. గూడ అంజయ్య, గద్దర్, కలేకూరి ప్రసాద్, మాస్టార్జీ వంటి వాళ్ల పాటలు ఒక కేసెట్టు నుంచి ఇంకో కేసెట్టుకు ఎక్కించుకుని వాడవాడా విన్నాం. అప్పుడు కాపీ చేయడమంటే కరపత్రం పంచినట్టు. దాన్ని దొంగతనం అని ఎవరన్నా అంటే మేము ఒప్పుకోం.

అయితే అప్పటికీ ఇప్పటికీ తేడా ఉంది. అప్పుడు కేసెట్టు ఎక్కించిన తమ్ముడు దాని మీద సంపాదించలేదు. పాటగాడు వూరికొస్తే తన ఇంట్లో అన్నం పెట్టాడు, రాత్రి పడుకోబెట్టాడు, పొద్దున బస్సెక్కించాడు. పాటకూ మనిషికీ మధ్య తాడు తెగలేదు. ఇప్పుడు పాట ఫోన్లో ఉంది, మనిషి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. మధ్యలో సెల్లు షాపు తింటుంది, చానలు తింటుంది, ఫోను కంపెనీ తింటుంది, ఇంటర్నెట్ కంపెనీ తింటుంది. మీరు ప్రతి నెలా రీచార్జికి వందలు కడుతున్నారు. పాట వినడానికే కడుతున్నారు. ఆ వందల్లో పాటగాని గిన్నెలో పడేది ఏమీ లేదు.

కాబట్టి మేము చెప్పేది ఇది. పాట పాడుకోవడానికి ఎవరికీ పైసా కట్టనక్కర్లేదు. నాట్లల్లో పాడుకోండి, ధర్నాలో పాడండి, పిల్లలకు నేర్పండి. పాట మీదే. పాట వెనక చేసిన పని మాత్రం పనే. రాత్రులు కూర్చుని రాయడం పని, డప్పు కాచి బిగించడం పని, గొంతు పగిలేదాకా పాడటం పని. పనికి కూలి ఇవ్వాలని ప్రపంచమంతా తిరిగి చెప్పేది మనమే. మన పాటగాడి దగ్గరికొచ్చేసరికి ఆ సూత్రం ఏమైంది?

వెట్టి ఎక్కడ మొదలైంది?

మన వూళ్లల్లో డప్పు చరిత్ర గుర్తు చేసుకోండి. చావుకు డప్పు, జాతరకు డప్పు, దొరింట్లో పెళ్లికి డప్పు, వూరికి చాటింపు వెయ్యాలంటే డప్పు. కొట్టినోనికి ఏమిచ్చారు? మిగిలిన అన్నం, పాత బట్ట, కళ్లంలో ఇన్ని గింజలు. కొట్టనంటే దెబ్బలు. అది కళ అని ఒక్క దొరా అనలేదు, కులం పని అన్నాడు. కులం పని అంటే కూలి లేని పని అని అర్థం.

బాబాసాహెబు 1928లోనే బొంబాయి శాసనమండలిలో మహార్ వతన్ మీద బిల్లు పెట్టారు. వతన్ పేరుతో మహార్ల ఇంటిల్లిపాదీ రాత్రనక పగలనక సర్కారు పని, వూరి పని చేయాలి. ప్రతిఫలం నామమాత్రం. అది గౌరవం కాదు, బానిసత్వం అని ఆయన కొట్లాడారు. మన దగ్గర 1994లో ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం ఏ డప్పును చూపి అవమానించారో అదే డప్పును భుజానికెత్తుకుంది. చావు డప్పు కొట్టం, వెట్టి చాటింపు వెయ్యం అని ఎన్నో వూళ్లలో మనోళ్లు తెగేసి చెప్పారు. అందుకు బహిష్కరణలు భరించారు, పనులు పోగొట్టుకున్నారు. అంత పోరాడి వెట్టి డప్పును దించితే, ఇయ్యాల సొంత వాడలో సొంత పాటకు వెట్టి నడుస్తుందంటే మనసుకు కష్టంగా ఉంది.

దీనికి ఎదురుగా ఇంకో చరిత్ర కూడా మన వాడలోనే ఉంది. చిందు మేళం తమ మిరాశి వూరికి వస్తే మాదిగవాడ విడిది ఇచ్చింది, ఆట ఆడించుకుంది, ఇంటికింత అని పోగుచేసి త్యాగం ఇచ్చింది. డక్కలివాళ్లు పటం విప్పి జాంబపురాణం చెబితే వాళ్ల వాటా వాళ్లకు ముట్టింది. మిరాశి అంటే హక్కు. ఎవరికీ గింజ మిగలని కాలంలో, కరువులో కూడా, ఆ మాదిగవాడ తన కళాకారుల వాటా పక్కన పెట్టింది. మన తాతలకు బడి లేదు. పాటగాడికి బాకీ ఉంటుందని మాత్రం వాళ్లకు తెలుసు.

ఆ పద్ధతిని వున్నదున్నట్టు తిరిగి తెమ్మని మేము అనడం లేదు. అదే వాడ డక్కలివాళ్లను వాడకు అవతల దింపింది, తన కంటే తక్కువగా చూసింది. వాళ్లు చెయ్యి చాచి తీసుకోవాలి, ఇచ్చేవాడు పైన నిలబడాలి. ఆ చెయ్యి చాచడం మాకొద్దు. త్యాగం వద్దు, దానం వద్దు. కూలి కావాలి, పేరు కావాలి. హక్కు అన్న మాట ఒక్కటి ఆ పాత పద్ధతి నుంచి తీసుకుందాం, ఎక్కువ తక్కువలను అక్కడే పాతిపెడదాం.

కేసులు పెట్టి గెలిచినోళ్లు లేరు

ఈ తగాదా మన దగ్గరే పుట్టలేదు. అమెరికాలో 1999లో నాప్‌స్టర్ అనే ఏర్పాటు వచ్చింది. ఒకరి కంప్యూటర్లో ఉన్న పాటను ఇంకొకరు ఉత్తిగనే దించుకోవచ్చు. మెటాలికా అనే పెద్ద సంగీత బృందం 2000 ఏప్రిల్లో దాని మీద కేసు వేసింది. మే 3న తమ పాటలు పంచుకున్న 3 లక్షల 35 వేల మంది పేర్లు కాగితాల మీద అచ్చేయించి, పెట్టెల్లో మోసుకుపోయి నాప్‌స్టర్ ఆఫీసులో ఇచ్చింది. వాళ్లంతా ఆ బృందం పాటంటే ప్రాణమిచ్చేవాళ్లు. అభిమానులకు మండింది. మీరు మొదట్లో పేరు తెచ్చుకున్నది మేము టేపులు కాపీ చేసి ఒకరికొకరం పంచుకుంటేనే కదా అన్నారు. ఆ మాటా నిజమే. 2001 జూలైకి నాప్‌స్టర్ మూతపడింది. పాటలు దించుకోవడం ఆగలేదు, ఇంకో పేరుతో ఇంకోచోట సాగింది.

తర్వాత అక్కడి రికార్డు కంపెనీల సంఘం 2003 సెప్టెంబరులో 261 మంది మామూలు మనుషుల మీద దావాలు వేసింది. అందులో న్యూయార్కులో ప్రభుత్వ ఇళ్లలో ఉండే 12 ఏళ్ల పిల్ల కూడా ఉంది. వాళ్లమ్మ 2,000 డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. పేద పిల్ల చేత జరిమానా కట్టించిన పరిశ్రమను చూసి లోకం ఉమ్మేసింది.

మన దేశంలోనూ చట్టం ఉంది. 1957 కాపీరైటు చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. మేము ఆ చట్టం పట్టుకుని వాడల్లో పిల్లల మీదికి పోలీసును తోలుకురాం. పోలీసు స్టేషన్ అంటే ఏమిటో మన వాడకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మెటాలికా మూడు లక్షల పేర్లు పట్టుకుని కంపెనీ దగ్గరికి పోయింది. మేము ఏ పేరూ పట్టుకోకుండా మీ దగ్గరికే వచ్చాం.

పెద్ద దొంగను మరవొద్దు

ఫోన్లో పాట దించుకున్న పిల్లవాణ్ణి నిలదీసి, పాటనే మింగిన కంపెనీని వదిలేస్తే అన్యాయం. సోలమన్ లిండా కథ మన పిల్లలందరికీ చెప్పాలి. దక్షిణాఫ్రికాలో జులూ జాతి నల్లవాడు. జొహానెస్‌బర్గ్‌లో గాలో రికార్డు కంపెనీలో రికార్డులు ప్యాక్ చేసే కూలీ. 1939లో ఆ కంపెనీకే 'ఎంబూబే' అని సింహం పాట పాడాడు. అమ్ముకున్న హక్కుకు వచ్చింది కొన్ని షిల్లింగులు. ఆ పాట అమెరికా పోయింది, మాటలు మారాయి, 1961లో అక్కడ మొదటి స్థానంలో నిలబడింది. 1962లో లిండా పేదరికంలో చనిపోయాడు. సమాధి మీద రాయి పెట్టడానికి కూడా ఇంట్లో డబ్బు లేదు. 1994లో వచ్చిన 'లయన్ కింగ్' సినిమాలోనూ అదే పాట వాడారు. బిడ్డలు 2004లో కోర్టుకు పోతే 2006లో రాజీ కుదిరింది. పాట పుట్టిన 67 ఏళ్లకు!

మన దగ్గర చూడండి. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య డక్కలి బిడ్డ. ఆయన గొంతు 2021లో సినిమా పాటలో వినిపిస్తే లక్షలాది మంది విన్నారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాదు పక్కన ఇల్లు కట్టే చోట కూలి పని చేస్తుంటే దేశమంతా చూసింది. బిరుదు గోడకు వేలాడింది, ఆయన పొద్దున లేచి కూలికి పోయాడు.

మనోళ్ల పాటలను సినిమాల్లో 'జానపదం' అని వేస్తారు. జానపదం అంటే కట్టినోడు లేడని అర్థమట! కట్టినోడు బతికే ఉంటాడు, పక్క మండలంలోనే ఉంటాడు. అందుకే పాట కట్టే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నాలుగు చట్టం మాటలు చెబుతున్నాం, మనసులో పెట్టుకోండి.

పాట రాసిన క్షణం నుంచే హక్కు మీది. రిజిస్ట్రేషన్ లేకున్నా హక్కు ఉంటుంది. అయినా రాసిన తేదీ, సంతకంతో నోటుబుక్కు దాచుకోండి. ఆ హక్కు మీ జీవితకాలం, మీ తర్వాత 60 ఏళ్లు మీ బిడ్డలకు ఉంటుంది. హక్కు ఇవ్వాలంటే కాగితం మీద సంతకం ఉండాలి. నోటిమాట చెల్లదు. కాగితంలో ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే చెల్లుతుంది. 1994లో చేసిన సవరణతో పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు కూడా ప్రదర్శకుల హక్కు వచ్చింది. 2012 సవరణతో సినిమాకు పాట ఇచ్చినా, సినిమా హాల్లో ఆడేది కాక మిగతా వాడకాల మీద వచ్చే రాయల్టీలో రచయిత వాటాను ఎవరూ రాయించుకుని లాక్కోలేరు. కాబట్టి 'సర్వహక్కులూ శాశ్వతంగా' అని అచ్చేసిన కాగితం ఎవరైనా తెస్తే ఆ పూట సంతకం పెట్టొద్దు. చదువుకున్నోళ్లకు చూపించండి. మన పిల్లల్లో ఇప్పుడు లాయర్లున్నారు, పిలవండి, వస్తారు. మీ పాట పరాయి చానల్లో కనిపిస్తే తీసెయ్యమని యూట్యూబుకే ఫిర్యాదు పెట్టే వీలుంది. పోలీసుతో పని లేదు.

సంఘాల నాయకులకు ఒక మాట

సభ పెడితే టెంటుకు లెక్కుంటుంది, సౌండు బాక్సుకు లెక్కుంటుంది, ఫ్లెక్సీకి ఉంటుంది, ఉపన్యాసకుల కారుకు ఉంటుంది. పాటగాళ్లకు మాత్రం 'మనోళ్లే కదా' అంటారు. బస్సు చార్జీ, రాత్రి అన్నం. ఒక రాత్రి పాడితే మా డప్పు తమ్ముడికి రెండు రోజుల కూలి పోతుంది. వచ్చిన రోజుదొకటి, నిద్ర లేక పడుకున్న మర్నాటిదొకటి. టెంటువాడు మనోడు కాదు గనక అతనికి డబ్బు, మేము మనోళ్లం గనక మాకు జై భీమ్! ఇదేమి న్యాయం? అక్కచెల్లెళ్ల సంగతి మరీ ఘోరం. వంత లేకుండా పాట లేవదు, అట్ట మీద వాళ్ల పేరుండదు. ఇంట్లో పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి వస్తారు, పంచేటప్పుడు ఆఖర్న గుర్తొస్తారు.

గడిచిన ఏడాది మా బృందం నుంచి ముగ్గురు వెళ్లిపోయారు. ఒకాయన ఇరవై ఏళ్లు డప్పు కొట్టిన మనిషి. పట్నంలో అపార్టుమెంటుకు కావలి ఉండటానికి పోయాడు. ఆయన మీద మాకు కోపం లేదు, బిడ్డ ఫీజు కట్టాలి. ఆయన చేతిలో ఉన్న కొన్ని దరువులు ఇంకెవరికీ రావు. ఆ దరువులు ఏ ఫోన్లోనూ దిగలేదు. ఆయన వెంట అవీ పోయాయి.

బాబాసాహెబు 1927లో పెట్టిన 'బహిష్కృత భారత్' పత్రిక 1929లో ఆగిపోయింది. రాసే చెయ్యి లేక ఆగలేదు, డబ్బు లేక ఆగింది. చదివేవాళ్లు, మెచ్చుకునేవాళ్లు ఉన్నా పైసలు చాలకపోతే పత్రికైనా పాటైనా ఆగుతుంది. మెచ్చుకోలు నూనె కాదు, దీపం దానితో వెలగదు.

అందుకని ఈ సభ ముందు అయిదు తీర్మానాలు పెడుతున్నాం. చర్చించండి, సవరించండి, ఒప్పుకుంటే అమలు చేయండి.

ఒకటి: ప్రతి వాడ సంఘం ఏడాదికి ఒక్క పాటల పుస్తకం, ఒక్క పెన్‌డ్రైవు సంఘం డబ్బుతో కొనాలి. ధర 200 అనుకుందాం. 100 వాడలు కొంటే 20 వేలు. కొత్త పాటలు రికార్డు చేయడానికి అది మొదలు. ఒక్కటి కొన్నాక వాడంతా వినండి, మాకు అభ్యంతరం లేదు.

రెండు: సభ ఖర్చు రాసే కాగితంలో మొదటి వరస కళాకారుల కూలి ఉండాలి. ఆ రోజు ఆ వూళ్లో ఎంత కూలి నడుస్తుందో కనీసం అంత, రెండు రోజులది. ఆడవాళ్లకూ మగవాళ్లకూ సమానం.

మూడు: పాట ఎవరు పాడినా, ఎవరు ఫోన్లో పెట్టినా, ముందు కట్టినోళ్ల పేరు చెప్పాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

నాలుగు: పాట ఫోన్లో పట్టుకున్న తమ్ముళ్లు దాన్ని సొంత చానల్లో పెట్టొద్దు. బృందం చానలు ఉంది, దాని లింకే పంపండి. చేతిలో 20 రూపాయలుంటే ఫోన్‌పే చేయండి. లేకుంటే విని పాడుకోండి. లేనివాణ్ణి మేము ఎన్నడూ అడగం.

అయిదు: సినిమాకో కంపెనీకో మన పాట పోతే సంఘానికి చెప్పి, కాగితం చదివించుకుని పోవాలి. మోసం జరిగితే ఆ పాటగాని వెనక సంఘం మొత్తం నిలబడాలి.

మిత్రులారా, మీరు పైసా ఇవ్వకపోయినా ఈ రాత్రి మేము పాడతాం. వచ్చే ఏడాది కూడా పాడాలంటే మా ఇళ్లలో పొయ్యి వెలగాలి. దొర డప్పు కొట్టించుకుని కూలి ఎగ్గొట్టాడని మనం తరాల తరబడి చెప్పుకుంటున్నాం. మన మనవలు మన గురించి ఆ మాట చెప్పుకోకూడదు. బల్ల మీద పుస్తకాలున్నాయి. తీర్మానాల మీద ఇప్పుడు మీరు మాట్లాడండి, మేము వింటాం.

జై భీమ్.